ఆదివారానికీ సోమవారానికీ ఒకే బండి

బరంపురం,
కార్తిక మాసం

చిన్నీ,

మీ పెర్త్ ఇంటి ముందు నిలబెట్టిన ఫోర్డ్ రేంజర్ ఫొటో పంపావు చూడు, అప్పట్నించి మా ఇంట్లో కంచాల దగ్గర వేరే మాట లేదు. మా ఆయనా మరిదీ ఆ ఫొటోని పెద్దది చేసీ చిన్నది చేసీ చూశారు. నాలుగు తలుపులు, అయిదుగురికి చోటు, వెనక తొట్టి. "అక్కడ పిల్లల్ని బడి దగ్గర దింపడానిక్కూడా ఇదే తీసుకెళ్తారట" అని నాకు పాఠం. 2023లో మీ దేశంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన బండి అదేననీ, అంతకుముందు ఏళ్ళ తరబడి ఆ పీట టొయోటా హైలక్స్‌దనీ మరిది చదివి వినిపించాడు. ఆస్ట్రేలియా వాళ్ళు ఏం కొంటే మనకేం అన్నాను గానీ, మాకు బండి అవసరం మాత్రం నిజమే.

మా మారుతీ ఆమ్నీ నీకు గుర్తుండే ఉంటుంది. కంపెనీ వాళ్ళు 2019లోనే దాన్ని తయారు చేయడం మానేశారు, మేమే వాడడం మానలేదు. వారమంతా అందులో అప్పడాల అట్టపెట్టెలూ, ఊరగాయ డబ్బాలూ తిరుగుతాయి. ఆదివారం వెనక సీటు బిగించి, తడిగుడ్డ పెట్టి తుడిచి, మేం ఎక్కుతాం. ఎంత తుడిచినా సీటు గుడ్డలో ఇంకిన నువ్వుల నూనె, ఆవపిండి వాసన పోదు. పట్టుచీర కట్టుకుని పెళ్ళింటి ముందు దిగితే ముందు ఆవఘాటు దిగుతుంది, ఆ తరవాత నేను. బరంపురం అప్పడం, బరంపురం ఊరగాయ అని ఊళ్ళవాళ్ళు లొట్టలేసుకుంటారు గానీ, అవి మోసే బండిలో కూర్చోవలసిన వాళ్ళ సంగతి ఎవరికి పట్టింది?

అందుకే మగవాళ్ళిద్దరూ అలాంటి నాలుగు తలుపుల డబుల్ క్యాబిన్ పికప్ కొందామనగానే నేను అడ్డు చెప్పలేదు. సరుకు బయట, మనుషులు లోపల, మధ్యలో ఇనుప గోడ. ఇంతకన్నా ఏం కావాలి? అడ్డు చెప్పింది అత్తగారు. "అది కూలీలు ఎక్కే బండి" అన్నారు. ఆవిడ అన్నదీ అబద్ధం కాదు. మన గంజాం జిల్లాలో డబుల్ క్యాబిన్ అంటే కరెంటు వాళ్ళూ, రోడ్డు కాంట్రాక్టర్లూ, పోలీసులూ. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక, చెట్లు పడిపోయిన అస్కా రోడ్డు మీద మొదట కనిపించినవి అలాంటి బళ్ళే. వెనక తొట్టిలో తీగచుట్టలు, లోపల నలుగురైదుగురు లైన్‌మన్లు, ఒకరి ఒళ్ళో ఒకరు అన్నట్టు. చీకట్లో ఉన్న వీధికి వాళ్ళు దేవుళ్ళే. అయినా, దేవుడి వాహనం మనింట్లో కట్టుకోం కదా అని అత్తగారి వాదన.

అప్పుడు మరిది ఒక మంచి మాట పట్టుకొచ్చాడు. టాటా వాళ్ళు 1988లో తెచ్చిన టాటామొబైల్ అసలు పికప్పేనట. 1991లో వచ్చిన సియెర్రా, 1994లో వచ్చిన సుమో, రెండూ ఆ పికప్ చట్రం మీద కట్టినవే. మావయ్యగారు ఉన్న రోజుల్లో అద్దె సుమోలో సింహాచలం వెళ్ళొచ్చి, అత్తగారు ఏడాదిపాటు ఆ సుఖం చెప్పుకున్నారు. "అదీ సరుకు బండి బిడ్డేనమ్మా" అన్నాడు మరిది. ఇప్పటి ఫార్చ్యూనరూ హైలక్సూ కూడా అలాంటి తోబుట్టువులే, ఒకటే చట్రం. తేడా అంతా వెనక చక్రాల పైనుంది. ఫార్చ్యూనర్‌కి చుట్ట స్ప్రింగులు, హైలక్స్‌కి లారీకున్నట్టు కమాన్ పట్టీలు. బరువు మోయడానికి పట్టీలు మంచివి. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం గతుకు గతుకుకీ ఎగరేస్తాయి. ఆ ఎగురుడు ముందు కూర్చున్న మగవాళ్ళకి అంతగా తెలియదు. వెనక కూర్చునే నాకూ అత్తగారికీ నడుముల్లో తెలుస్తుంది. పైగా క్యాబిన్ గోడకి ఆనించి కట్టిన సీటు గనక వీపు వెనక్కి వాలదు. ఇక్కణ్ణించి విశాఖపట్నం 260 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంతసేపు బడిపిల్లల్లా నిటారుగా కూర్చోవాలన్న మాట.

బళ్ళ విషయానికొస్తే మా ముందున్నవి మూడు. హైలక్స్ 2022లో ఇక్కడ అమ్మకానికి వచ్చింది. అప్పుడే 34 లక్షలు పలికింది కాబట్టి అది ఫొటోలో చూసుకోవడానికే. పొడవు 5.3 మీటర్లు. పెద్దబజారు సందులో దాన్ని తిప్పాలంటే ముందు ఎదురింటి అరుగు కొనాలి. రెండోది ఇసుజు వీ-క్రాస్. ఇది 2016 నుంచి మన శ్రీసిటీలో తయారవుతోంది, తెలుగు గడ్డ మీద పుట్టిన బండి అని మా ఆయనకి అదొక మురిపెం. మూడోది మహీంద్రా బొలెరో క్యాంపర్, పది లక్షల చుట్టూ.

లెక్కలు రాసేదాన్ని నేనే కాబట్టి ఒక రోజు కాగితం మీద పెట్టి చూపించాను. క్యాంపర్ తొట్టి టన్ను మోస్తుంది. దానికి రెండింతలు పైచిలుకు ఖరీదు చేసే వీ-క్రాస్‌కి రాసిపెట్టిన మోత అందులో మూడో వంతు కూడా లేదు! డబ్బు పెరిగేకొద్దీ మోత తగ్గుతోంది. ఎందుకంటే దాన్ని మెత్తగా నడిచేలా, ఇంట్లో వాళ్ళు ఎక్కేలా మలిచారు. మగవాళ్ళిద్దరూ టన్నుల్లో మాట్లాడుతున్నారే గానీ, మా సరుకులో సగం అప్పడాలు. చోటు తింటాయి, తూగవు. ఊరగాయ బరువంతా ఎటూ పార్సెల్ లారీలకే పోతుంది. ఆ లెక్కన వీ-క్రాసే సరిపోవాలి. నేనూ అక్కడే ఆగిపోయేదాన్ని, నంబరు బోర్డు రంగు సంగతి రాకపోతే.

నీకొక కథ తెలుసా? మీ దేశానిదే. 1932లో విక్టోరియాలో ఒక రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసిందట. ఆదివారం చర్చికి తడవకుండా వెళ్ళాలి, సోమవారం పందుల్ని సంతకి తోలాలి, రెండిటికీ పనికొచ్చే బండి చెయ్యండి అని. గీలాంగ్‌లో లూయిస్ బ్యాండ్ట్ అనే కుర్ర ఇంజనీరు బొమ్మ గీశాడు, 1934కల్లా బళ్ళు బయటికొచ్చాయి. మీరు ఇవాళ నడిపే బళ్ళన్నీ ఆ ఉత్తరం సంతానమే. రాసిన మనిషి పేరు మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, గీసిన మనిషి పేరు గుర్తుపెట్టుకున్నారు. పోనీ.

ఆ రైతు భార్య మన దగ్గర ఉండి ఉంటే బళ్ళ రిజిస్ట్రేషన్ ఆఫీసు కిటికీ దగ్గర ఆవిణ్ణి మొదట అడిగేది ఒకటే: ఆదివారమా, సోమవారమా? తెల్ల బోర్డు అయితే సొంత వాడకం. పసుపు బోర్డు అయితే సరుకు. క్యాంపర్ పసుపు బోర్డుతో వస్తుంది, వీ-క్రాస్ తెల్ల బోర్డుతో తీసుకోవచ్చు. తెల్ల బోర్డు బండిలో రోజూ దుకాణం సరుకు మోస్తూ ఎక్కడైనా గుద్దుకున్నామంటే, సొంత వాడకమని రాయించుకున్న బీమా మొహం చాటేసే వీలుంది. పసుపు బోర్డుకి బాధ ఇంకో వైపు. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనిషికి ఏమైనా అయితే బీమా కంపెనీ కట్టక్కర్లేదని సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో 2002లోనే తేల్చింది. 1994లో చట్టం మార్చాక సరుకు యజమానికీ, యజమాని తరఫున వెళ్ళే మనిషికీ మాత్రం రక్షణ ఉంది. ఇది చదివి వినిపిస్తే అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, "వ్యాపారం ఎవరి పేరున ఉందిరా?" అన్నారు. ఆవిడ పేరునే ఉంది! అంటే మా ఇంట్లో సరుకు యజమానిగా ఆ బండిలో దర్జాగా కూర్చోగలిగిన మనిషి, దాన్ని కూలీల బండి అన్న అత్తగారొక్కరే.

మిగతా చిల్లర చిక్కులు మామూలే. పసుపు బోర్డుకి మొదటి ఎనిమిదేళ్ళూ రెండేళ్ళకోసారి, తరవాత ఏటా, ఫిట్‌నెస్ చేయించాలి. లైసెన్సు గురించి మా ఆయన బెంగపడ్డారు గానీ, 2024 నవంబరులో అయిదుగురు జడ్జీల బెంచి మామూలు కారు లైసెన్సుతోనే ఏడున్నర టన్నుల లోపు సరుకు బండి నడపొచ్చని చెప్పేసింది.

నా అసలు భయం వేరు. మనవాళ్ళకి ఖాళీ తొట్టి కనిపిస్తే చేతులు ఊరుకోవు. బండి ఇంకా రాలేదు, అప్పుడే వీధి చివర వాళ్ళు వినాయక చవితికి విగ్రహం తేవడానికి చెప్పి ఉంచారు. ఒకరికి పెళ్ళి గుండిగలు, ఇంకొకరికి ఇల్లు మారే సామాను. ఆమ్నీకి లోపల చోటు లేదని చెప్పి తప్పించుకునేవాళ్ళం, తొట్టికి అలా చెప్పలేం కదా. సామానైతే మోస్తాం, మనుషులొచ్చి ఎక్కుతామంటేనే గుండె ఆగుతుంది. చైత్రమాసం మంగళవారాల్లో తారాతారిణికి వెళ్ళే దారి నువ్వూ చూశావు కదా, పుట్టువెంట్రుకలు తీయించే పిల్లతో సహా చుట్టాలందరూ తొట్టిలో నిలబడి వెళ్తుంటారు. మా పెద్దాడపడుచు అప్పుడే అనేసింది, "లోపల అయిదుగురు, వెనక దుప్పటి పరిస్తే పదిమంది" అని. ఈ ఒక్క విషయంలో నేను మొండికేశాను. తొట్టిలో మనిషి ఎక్కితే నేను దిగిపోతానని ముందే చెప్పేశాను. ఆడపడుచుకి కోపం వచ్చింది, రానీ.

చివరికి షోరూం వాళ్ళ క్యాంపర్‌లో తప్తపాణి దాకా వెళ్ళొచ్చాం. అత్తగారి మోకాళ్ళకి ఆ ఎత్తు అందదేమో అనుకున్నాను. పీట వేయించుకుని ఎక్కారు. దిగపహండి దాటాక ఘాట్ మొదలైన దగ్గర నేను నడుము పట్టుకుంటుంటే ఆవిడ కిటికీలోంచి కిందికి చూస్తూ, "అందరూ పొట్టిగా కనిపిస్తున్నారే" అని సంబరపడ్డారు. తిరిగొచ్చేటప్పటికి బేరం అయిపోయింది. క్యాంపరే తీసుకుంటున్నాం, పసుపు బోర్డుతో, అత్తగారి పేరున. లోపలి సీట్లకి విడిగా బీమా కట్టి, పాలసీ కాగితం మీద అది రాయించాకే డబ్బు చెల్లించాలని నేను పట్టుబట్టాను. విశాఖ, భువనేశ్వర్ లాంటి దూరాలకి రైలు ఉండనే ఉంది. నిజం చెప్పాలంటే మేం కొన్నది ఇంటి బండి కాదు, ఇంట్లోవాళ్ళం ఎక్కగలిగే సరుకు బండి. మా ఆయనకి వీ-క్రాస్ మీద మనసు పోలేదు. శ్రీసిటీ అటుంచి శ్రీకాకుళం కూడా దాటించలేకపోయారు పాపం.

అన్నట్టు, ఒక పని. పెద్దబజారులో మీ ఇంటి వెనక గదిలో మీ నాన్నగారి టేకు మంచం, రాగి గంగాళం అలాగే పడి ఉన్నాయి, కిటికీ చెక్కకి చెద కూడా పట్టింది. మీ అక్కయ్య వాటిని పర్లాకిమిడి పంపమని రెండుసార్లు కబురు చేసింది. మార్గశిర గురువారం నాడు బండి ఇంటికి తెస్తాం. మొదటి లోడు ఊరగాయ కాకూడదని అత్తగారి పట్టు. నీకు అభ్యంతరం లేకపోతే ఆ మంచమే వేసుకెళ్తాం. ఇంటి తాళంచెవి ఎవరి దగ్గర పెట్టావో వెంటనే రాయి.

నీ నేస్తం