స్క్రీనింగ్ గదిలో ఒక పూట

ఒక కొత్త చికిత్స ట్రయల్‌లో చేరాలని ముంబయిలోని క్యాన్సర్ ఆసుపత్రికి దూరం నుంచి వచ్చేవాళ్ల చేతిలో రెండు సంచులుంటాయి. ఒకటి బట్టలకు, ఒకటి రిపోర్టులకు. జగిత్యాల వైపు నుంచి కొడుకుతో వచ్చిన రైతు సంచిలో ఫైళ్ల అడుగున ఒక ప్లాస్టిక్ కవరుంది. అందులో చిన్న మైనపు దిమ్మ, ఆ దిమ్మలో ఆయన మెడ గడ్డ నుంచి తీసిన ముక్క. కోఆర్డినేటర్ అమ్మాయి దాని మీది నంబరును బయాప్సీ రిపోర్టుతో సరిచూసింది. భివండీలో మగ్గాల పనికి వలస వచ్చిన పద్మశాలి కుటుంబం ఆమెది.

“ఇది మందులు మొదలుపెట్టకముందు తీసింది కాకా. జబ్బు తిరగబెట్టినంక తీసిన ముక్క కావాలె” అంది.

ఎందుకంటే ఈ చికిత్సకు గురి ముఖ్యం. రోగి రక్తంలోంచి టీ కణాలు తీసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేలా ల్యాబులో మార్చి, పెంచి, తిరిగి ఆయనకే ఎక్కిస్తారు. దీన్నే కార్-టీ అంటున్నారు. ఈ ట్రయల్‌లో ఆ కణాలు వెతికేది సీడీ19 అనే ప్రొటీన్‌ని. తిరగబెట్టిన గడ్డలో అది లేకపోతే అంతా వృథా. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన కార్-టీ చికిత్స నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. దాని ట్రయల్ ఫలితాలు 2025లో లాన్సెట్ హెమటాలజీలో అచ్చయ్యాయి. 64 మంది పాల్గొన్నారు. లెక్కలోకి తీసుకోగలిగిన వారిలో 73 శాతం మందికి చికిత్స పనిచేసింది. అప్పటికే పలు చికిత్సలు విఫలమైన వాళ్లకు ఇది చిన్న కబురు కాదు. కొత్త ట్రయల్ ఏదైనా ఉందని తెలిస్తే చాలు, రైలెక్కి వచ్చేస్తున్నారు.

“తానం మీరే చేస్తున్నరా?” అని అడిగింది కోఆర్డినేటర్. కొడుకు అందుకుని, “అన్నీ ఆయనే చేస్కుంటడు” అన్నాడు. ఆమె మళ్లీ పెద్దాయన వైపే తిరిగి అడిగింది. కాసేపాగి, “కొడుకు నీళ్లు తోడిపెడ్తడు, పోస్కునేది నేనే” అన్నాడాయన. ఆమె రాసుకుంది. ప్రేమ కొద్దీ ఇంటివాళ్లు జబ్బును తగ్గించి చెబుతారు. కానీ కణాలు ఎక్కించాక జ్వరం భగ్గుమనవచ్చు, బీపీ పడిపోవచ్చు, ఊపిరి అందకపోవచ్చు. ఆ దెబ్బకు తట్టుకోగలడా లేదా అన్నదే ఈ ప్రశ్నల అసలు ఉద్దేశం. గుండెకు ఎకో తీసేదీ అందుకే. ఇంతకుముందు ఎక్కించిన డాక్సోరూబిసిన్ అనే కీమో మందు గుండెను బలహీనపరిచి ఉండవచ్చు. హెపటైటిస్ బి, హెచ్ఐవీ పరీక్షలు సరేసరి.

తర్వాత జరిగింది నన్ను కదిలించింది. ఇది ఏ సంవత్సరం, ఏ నెల, ఏ ఊరు, ఏ ఆసుపత్రి అని అడిగారు. పెన్ను, గడియారం, గుండీ చూపించి పేర్లు చెప్పమన్నారు. వంద నుంచి పదేసి తగ్గించమన్నారు. చివరికి ఏదైనా ఒక వాక్యం రాయమన్నారు, తెలుగులోనే. “మా పసుపు ఈసారి మంచిగ పండింది” అని రాశాడాయన, గుండ్రటి అక్షరాలతో. చికిత్స మెదడు మీద ప్రభావం చూపితే చాలాసార్లు ముందు తేడా వచ్చేది చేతిరాతలోనే. కణాలు ఎక్కించాక రోజూ రాయించి, ఈ కాగితంతో పోల్చి చూస్తారు. ఆయనకు చేతనైన భాషలో రాయించకపోతే ఆ పోలికకు అర్థమే ఉండదు.

ఖమ్మం నుంచి భర్తతో వచ్చిన యువతికి ఆ రోజు చోటు దొరకలేదు. నొప్పి తగ్గడానికి ఊళ్లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. పైగా వారం కిందటే ఇంకో కీమో అయింది. స్టెరాయిడ్ టీ కణాలను అణిచేస్తుంది, కీమో వాటి సంఖ్యను పడగొడుతుంది. ఇప్పుడు సేకరిస్తే నాణ్యమైన కణాలు రావు. ఆగుదామంటే ఆమె జబ్బు ఆగేది కాదు.

ఈ గదిలో వినిపించే “కుదరదు” చాలాసార్లు ఈ గదిలో పుట్టింది కాదని నాకు గట్టిగా అనిపించింది. జబ్బు తిరగబెట్టిందని తెలిసిన రోజునే, తర్వాతి కీమో మొదలుపెట్టకముందే, రోగి ఊళ్లోని డాక్టరు ఇక్కడికి ఒక్క ఫోన్ చేస్తే సగం చిక్కులు అక్కడే విడిపోతాయి. ఏ మందు ఆపాలి, ఏ ముక్క తీయాలి, పరీక్షలు ఎప్పుడు చేయాలి, ఇవన్నీ ఫోన్లో చెప్పగలిగినవే. రోగి వందల కిలోమీటర్లు వచ్చి వినాల్సిన మాటలు కావు.

పెద్దాయనకు మర్నాటికి కొత్త బయాప్సీ రాశారు. ఖమ్మం యువతికి నొప్పికి స్టెరాయిడ్ లేని మందు రాసిచ్చి, రెండు వారాల తర్వాత రక్తపరీక్ష చేయించి పంపమన్నారు. ఆ పరీక్ష ఖమ్మంలోనే చేయించవచ్చని చెప్పడానికి డాక్టరు తనే అక్కడి డాక్టరుకు ఫోన్ కలిపారు.