కున్నంకుళంలో ఒక ఆదివారం

గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మరునాడు త్రిశ్శూరులో దిగుతాము. అక్కడి నుండి కున్నంకుళం పాతిక కిలోమీటర్ల లోపే. బస్సు త్రిశ్శూరు పొలిమేర దాటగానే రోడ్డు ప్రక్కన పల్లపు వరిపొలాలు కనబడతాయి. వానాకాలంలో అవి పొలాలంటే మన కృష్ణా డెల్టావారు కూడా నమ్మరు, అంత నీరు! ఆ పైన కేచ్చేరి మీదుగా కొబ్బరితోటలు, వక్కచెట్లు, ఎర్రరాతి ప్రహరీలు.

కున్నంకుళం అచ్చుపనికి, నోటుపుస్తకాలకు, బైండింగుకు పేరుపడిన ఊరు. సిరియన్ క్రైస్తవులు తరతరాలుగా ఉన్న చోటు గనుక ఆర్థడాక్సు, మార్తోమా మొదలైన సంఘాల చర్చిలు నడిచి వెళ్లే దూరాల్లోనే ఉన్నాయి. ఆదివారం ఉదయం ఒక గంట ఆగకముందే మరొక గంట మ్రోగుతుంది.

మేమిద్దరం వెళ్లింది ఊరు చూడటానికి కాదు. గుంటూరులో పదకొండేళ్లు నర్సుగా పనిచేసి, మా సంఘంలో మాతోపాటు కూర్చుని పాటలు పాడిన ఒక సహోదరి పెండ్లి అయ్యాక ఈ ప్రాంతానికే వచ్చేసింది. భర్త గల్ఫులో ఉన్నాడు. ఇంట్లో ఆమె, బడికి వెళ్లే కుమారుడు, అత్తగారు. ఆ అత్తగారిని అందరూ అమ్మచ్చి అంటారు. అమ్మచ్చికి అయిదేళ్లుగా డిమెన్షియా.

కేరళలో ఈ జబ్బుకు ‘చిన్నన్’ అనే మాట ఉంది. చిన్నపిల్లల తత్వం అని అర్థం. మనవైపు ‘చాదస్తం’ అంటాము. రెండు మాటలూ ముద్దుగానే ఉన్నాయి గాని, ఆ మాట అనేసిన తరువాత డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలన్న ఆలోచన రాదు. మతిమరుపుకు థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం వంటి సరిచేయదగిన కారణాలు కూడా ఉంటాయి. ముందు పరీక్ష చేయిస్తేనే గదా తెలిసేది! 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షలమందికి డిమెన్షియా ఉంది. అంతమందిని చూసుకుంటున్న వారి లెక్క మాత్రం ఎక్కడా వినబడదు.

త్రిశ్శూరు ప్రాంతంలో డాక్టర్ కె.ఎస్. షాజీ, ఆయన సహచరులు ఇటువంటి కుటుంబాలను కలిసి మాట్లాడి 2003లో తమ పరిశీలనను ప్రచురించారు. చూసుకునేవారిలో ఎక్కువమంది స్త్రీలు, చాలాచోట్ల కోడళ్లే. పెద్దవారు కావాలనే అలా చేస్తున్నారని ఇంటివారు అనుకోవడం కూడా వారి దృష్టికి వచ్చింది. మన సహోదరి నర్సు గనుక ఆ అపోహలో పడలేదు. అయినా గాజులు దొంగిలించావని అమ్మచ్చి ఇరుగుపొరుగు వినేలా అరిచినప్పుడు నర్సు చదువు ఏమాత్రం అక్కరకు రాలేదంది.

“గాజులు బియ్యం డబ్బాలో దొరికాయి వదినా. కాని ఆ అరుపు విన్నవాళ్లకు దొరికిన సంగతి ఎవరు చెప్తారు?”

రాత్రి రెండు గంటలకు అమ్మచ్చి లేచి గేటు దగ్గరకు వెళుతుంది. ఇంటికి పోవాలి అంటుంది. పెండ్లయిన నాటి నుండి ఆమె ఉన్నది ఈ ఇంట్లోనే. గేటుకు చిన్న గంట కట్టారు. అది మ్రోగితే కోడలు లేవాలి. ఆడపడుచులు దూరదేశాల నుండి ఫోను చేసి, అమ్మ చిక్కిపోయింది, సరిగ్గా పెడుతున్నావా అని అడుగుతారు. పరామర్శకు వచ్చినవారు అమ్మచ్చి మంచం ప్రక్కన ప్రార్థన చేసి, టీ త్రాగి వెళతారు. వారిని తప్పుపట్టలేము, ప్రేమతోనే వచ్చారు. “అయితే అన్నయ్యా, నువ్వు రాత్రి నిద్రపోయావా అని మూడేళ్లలో ఒక్కరూ అడగలేదు.”

ఆదివారం మేము ఇంట్లో ఉంటాము, నువ్వు ఆరాధనకు వెళ్లిరా చెల్లెమ్మా అన్నాము. మాకు మలయాళం రాదని జంకింది. తరువాత మూడు సంగతులు చెప్పింది. కాదు అనవద్దు. అడిగిందే మళ్లీ అడిగితే అదే మొదటిసారి అన్నట్టు జవాబు చెప్పాలి. ఇంటికి పోతానంటే ఇదే నీ ఇల్లు అని వాదించకుండా చెయ్యి పట్టుకుని బావి చుట్టూ ఒకసారి తిప్పి తీసుకురావాలి.

ఆ పూట బావి చుట్టూ నాలుగుసార్లు తిరిగాము. అమ్మచ్చి మా పేర్లు ఎన్నిసార్లు అడిగిందో లెక్క తప్పింది. ఒక బుట్టెడు తువాళ్లు మడత పెట్టింది, మేము విప్పి ఇస్తే మళ్లీ శ్రద్ధగా మడిచింది. పది గంటలకల్లా వస్తానన్న కోడలు పదకొండున్నరకు వచ్చింది. చర్చి అయ్యాక బజారులో హోటల్లో కూర్చుని టీ త్రాగిందట, ఎవరితోనూ మాట్లాడకుండా. చెప్పేటప్పుడు కొంచెం సిగ్గుపడింది.

ఈ ఊరిని ఎంచి వ్రాయడానికి మరొక కారణం ఉంది. కున్నంకుళంలో పిల్లల వైద్యుడైన డాక్టర్ కె. జేకబ్ రాయ్ తన తండ్రికి ఈ జబ్బు వచ్చిన అనుభవంతో 1992లో అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను ప్రారంభించారు. చాలా ఏళ్లు దాని జాతీయ కార్యాలయం ఈ చిన్న పట్టణంలోనే ఉంది. హైదరాబాదులో కూడా ఆ సంస్థకు శాఖ ఉంది. 2005లో వచ్చిన మోహన్‌లాల్ సినిమా ‘తన్మాత్ర’ చూశాక చాలామందికి జబ్బు పేరైనా తెలిసిందని మన సహోదరి అంటుంది.

పెద్ద భవనాలు కట్టనవసరం లేదని గోవాలో జరిగిన ఒక ప్రయత్నం చూపింది. అక్కడ ఆరు నెలలపాటు కొద్దిపాటి శిక్షణ పొందిన స్థానికులు ఇండ్లకు వెళ్లి, చూసుకునేవారితో మాట్లాడి, జబ్బు సంగతి వివరించి, ధైర్యం చెప్పారు. 2008లో ఫలితాలు ప్రచురించారు. రోగుల జబ్బు పోలేదు గాని, చూసుకునేవారి మనోవేదన తగ్గింది. ప్రతి సంఘంలోనూ స్త్రీల సమాజం ఉన్న మనకు ఇది అందని పని కాదని మా అభిప్రాయం.

తిరిగి వచ్చాక మా సంఘంలో అటువంటి ఇండ్లు రెండు ఉన్నాయని తెలుసుకున్నాము. మొదటి ఇంటికి గురువారం మూడు నుండి అయిదు వరకు ఇద్దరిద్దరు చొప్పున వెళ్లడానికి ఆరుగురు ఒప్పుకున్నారు. మొదటి గురువారం ఆ ఇంటి కోడలు ఎక్కడికీ వెళ్లలేదు, ప్రక్కగదిలో పడుకుని నిద్రపోయింది. అయిదు దాటినా మావాళ్లు లేపలేదు. రెండవ ఇంటివారు, మా అమ్మను మేమే చూసుకుంటాములెండి అన్నారు. ఇంటి గుట్టు బయటపడుతుందని భయం కావచ్చు. క్రిస్మస్ కేరల్స్‌కు ఆ వీధికి ఎలాగూ వెళతాము, అప్పుడు మరల అడుగుతాము.