720 గళ్ళ కోట

పిల్లలూ! అరవై దాటిన రిటైర్డు హెడ్మాస్టరు పొద్దున్నే కాఫీ తాగి, కంప్యూటరు ముందు కూచుని ఆటాడుతున్నాడంటే మీకు నవ్వు వస్తుంది. మా ఇంట్లోనూ నవ్వుతారు. పోనీ, అది కొత్త ఆటా అంటే, కాదు. 1989లో వచ్చిన "ప్రిన్స్ ఆఫ్ పర్షియా". మీ నాన్నగారిని అడగండి, ఆయన చిన్నప్పుడు ఆడే ఉంటారు.

కథ చిన్నదే. జాఫరు అనే దుర్మార్గుడైన వజీరు రాజకుమారిని బంధించి, "గంటలోగా నన్ను పెళ్ళాడతావా, చస్తావా?" అంటాడు. చెరసాలలో ఉన్న ఒక యువకుడు ఆ 60 నిమిషాల్లోనే కోట పైకి చేరుకోవాలి. దారిలో నేలలోంచి పొడుచుకొచ్చే ఇనుప మేకులు, కాలు మోపితే ఊడిపడే బండలు, కత్తులు దూసిన భటులు!

ఈ ఆట చేసినవాడు జోర్డన్ మెక్నర్ అనే అమెరికను. ఆయన తన తమ్ముణ్ణి పరుగెత్తించి, గెంతించి, వీడియో తీసి, అది చూసి ఒక్కొక్క బొమ్మే గీశాడు. అందుకే ఆ యువకుడు అంచు పట్టుకుని వేళ్ళాడుతుంటే మన చేతులు నొప్పెడతాయి.

ఇక నాకు ప్రియమైన సంగతి. లెక్కల మాస్టర్ని గదా! ఆటలో ఒక్కొక్క ఘట్టానికి 24 గదుల దాకా చోటుంది. గదికి అడ్డంగా 10 గళ్ళు, నిలువునా 3 వరసలు. మొత్తం 720 గళ్ళు. ప్రతి గడికీ ఒక అంకె. 0 అయితే ఖాళీ, 1 అయితే నేల, 2 అయితే మేకులు, 20 అయితే గోడ. కోటంతా అంకెలే! ఈ గుట్టు కనిపెట్టిన అభిమానులు అంకెలు మార్చి, తమ సొంత కోటలు కట్టారు. ఇటువంటి మార్పునే "మాడ్" అంటారు.

ఇంత సంబరంగా చెబుతున్నానుగాని, 1998లో నేనిలా లేను. బడి కంప్యూటరులో ఎవరో ఈ ఆట ఎక్కించారు. ఒకనాడు తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు గ్రాఫు కాగితం మీద మేకులూ, తలుపులూ గీస్తూ నాకు పట్టుబడ్డాడు.

"ఏమిట్రా ఇది?"

"నా కోట సార్. దీనికి రెండు దారులు..."

వాడి మాట పూర్తికాకుండానే కాగితం చింపేశాను. వాడు ఏడవలేదు. ముక్కలన్నీ ఏరుకుని జేబులో పెట్టుకున్నాడు.

2012లో ఒక వార్త చదివాను. మెక్నర్ తండ్రికి ఇంట్లో ఒక పాత పెట్టె దొరికిందట. అందులో ఫ్లాపీలు, వాటిలో పోయిందనుకున్న ఆ ఆట అసలు ప్రోగ్రాము! దాన్ని జాగ్రత్తగా బయటికి తీసి, అందరూ చూసేటట్టు పెట్టారు. ఒక తండ్రి ఇంట్లో కొడుకు రాత అన్నేళ్ళు భద్రంగా ఉంది. నా చేతిలో పడ్డ కాగితం ఒక్క నిమిషం నిలవలేదు.

ఈ వ్యసనం అప్పుడు పట్టుకుంది. ఇప్పుడు ఆ కుర్రవాడి కోటనే కడుతున్నాను. మొదటి గదిలో ఎడమపక్క తలుపు, మధ్య మూడు గళ్ళలో మేకులు. అంతవరకు గుర్తుంది. ఆ రెండో దారి ఎక్కడ మొదలవుతుందో మాత్రం తెలియదు. ఆనాడు వాణ్ణి చెప్పనివ్వలేదు గదా! మూడు చోట్ల పెట్టి చూశాను, ఏదీ కుదరలేదు. రేపు కుడి మూల గోడ తీసి చూస్తాను.