గోడ దాటిన పొట్లపాదు

మీలో చాలామందికి పెరడు అంటే ఇంటికీ ప్రహరీకీ మధ్య మిగిలిన సందే కదండీ. మాదీ అంతే. నాలుగడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. ఒకప్పుడు ఇలా లేదు. తణుకులో మా అత్తయ్యగారి ఇంటికి పెద్ద పెరడు, దాన్నిండా పాదుల పందిరి ఉండేవి. 2021లో మావారూ మా మరిదీ ఇల్లు పంచుకున్నాక పందిరి పీకేసి, అదే చోట అయిదున్నర అడుగుల గోడ లేపారు. ఆ గోడతోనే నాకూ మా తోటికోడలికీ మాటలు ఆగిపోయాయి. తప్పెవరిదంటే ఇప్పుడు నేనూ చెప్పలేను. మా దగ్గరే ఉన్న అత్తయ్యగారు మాత్రం పెరట్లోకి రావడం మానేశారు.

ఇంత సందులో పందిరి వేస్తే వెలుతురు రాదు, నడవడానికీ ఉండదు. అందుకని పాదుల్ని నిలువుగా పాకిద్దామనుకున్నాను. ఇల్లు కట్టగా మిగిలిన ఇనుప పైపులు రెండు గోడవార పాతించి, పైన ఏడడుగుల ఎత్తులో బట్టలారేసే తీగ బిగించి, దాన్నుంచి నైలాను తాళ్లు వదిలాను. తాడుకో పాదు. పాదు జారకుండా పాత చీర పేలికలతో కట్టాను. వదులుగానే కట్టండి, బిగిస్తే కాడ కోసుకుపోతుంది.

ఈ తొలకరికి బీర, కాకర, పొట్ల పెట్టాను. కాకర గింజ పెచ్చు గట్టిది, రాత్రంతా నానాలి. అంగుళం లోతు చాలు. ఆనప బరువని మానేశాను. వేసేవాళ్లు కాయ కింద చీరముక్క ఉయ్యాలలా కట్టుకోండి. వండేముందు చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఎంత పెద్ద కాయైనా పారేయాల్సిందే. చేదు ఆనపకాయ రసం తాగి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు మన దేశంలోనే ఉన్నారు.

బీర నలభై రోజులకి పూసింది. పదిరోజులు ఉత్త పూలే! విత్తనాలు మంచివి కావేమోనని తిట్టుకున్నాను. అత్తయ్యగారు మంచం మీంచే అడిగారు.

“పువ్వు కింద పిందె ఉందా, ఉత్త కాడేనా?”

“ఉత్త కాడేనండీ.”

“మగపూలు. ముందు అవే వస్తాయి. పిందె ఉన్న పువ్వొచ్చాక చెప్పు.”

వచ్చాక చెప్పాను. పిందెలు పండి రాలిపోతున్నాయంటే, మగపువ్వు తుంపి ఆడపువ్వుకి రాయమన్నారు. నేనేమో వంటయ్యాక మధ్యాహ్నం వెళ్లి రాశాను. “బీర సాయంత్రం విచ్చుతుందమ్మా, పొద్దున విచ్చేది కాకర” అని నవ్వి, ఆ సాయంత్రం కర్ర పట్టుకుని ఆవిడే వచ్చారు. చూపు ఆనదు కదా, పిందెల్ని వేలితో తడుముతూ వరసన పదకొండు పువ్వులకి రాశారు. తొమ్మిది నిలిచాయి.

కాకరకి పండు ఈగ పట్టింది. ఈగ కుట్టిన కాయల్ని పాదు మొదట్లోనే పడేయకండి. పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై వస్తుంది. కవర్లో మూతికట్టి బయట పారేశాను. మంచి పిందెలకి పాత గుడ్డసంచులు తొడిగాను.

పొట్ల మాత్రం మాట వినలేదు. తీగ దాటి గోడ అవతలికి పోయి, అక్కడే కాసింది. స్టూలెక్కి చూస్తే పిందె వంకర తిరుగుతోంది. చివర రాయి కడితే తిన్నగా సాగుతుందని తెలుసు, కానీ వాళ్ల వైపు చెయ్యెలా పెట్టను? మూడోరోజు మళ్లీ చూశాను. పిందెకి పురికొసతో చిన్న గులకరాయి కట్టి ఉంది. మరిదికి ఇలాంటివి తెలియవు.

కాయ రెండడుగులు దాటినా వాళ్లు కోయలేదు. మాది కదా అని నేనూ కోయలేదు. “ముదిరిపోతే గింజకి తప్ప దేనికీ పనికిరాదు” అని అత్తయ్యగారు లోపల్నుంచి సణుగుతూనే ఉన్నారు. పోయిన వారం ఆమె బట్టలారేస్తున్న చప్పుడు విని, గోడకి ఇవతలే నిలబడి, “పొట్లకాయ కోసుకో, ముదిరిపోతోంది” అన్నాను. కాసేపు చప్పుడు ఆగింది. “సరే అక్కా” అంది.

సాయంత్రం వాళ్లబ్బాయి గిన్నె తెచ్చాడు. పాలు పోసి వండిన పొట్లకాయ కూర. అత్తయ్యగారు రెండుసార్లు వేయించుకుని తిన్నారు.

ఆ గిన్నె ఇంకా మా వంటింట్లోనే ఉంది. ఖాళీగా ఇవ్వలేను కదండీ. రేపటికి రెండు బీరకాయలు కోతకొస్తాయి.