డంగు సున్నం, తాలింపు పొగ

మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం తింటూ ఎప్పుడూ పైకే చూస్తాను. 1935 నాటి రాతికట్టడం. 2020కల్లా మరమ్మతులు చేసి కొత్త కళ తెచ్చారు. అది చూసిన ధైర్యమే కాబోలు, మా మిత్రుడొకడు అబిడ్స్‌ దగ్గరి పాత మేడను హోటల్ చేస్తానంటున్నాడు.

వెళ్లి చూశాను. డంగు సున్నపు గోడ. దానిమీద ఎప్పుడో ఎవరో సిమెంటు మెత్తారు. చెమ్మ బయటికి పోయే దారిలేక పెచ్చులూడుతోంది. గోటితో గీస్తే తెల్లటి పొడి రాలింది. సిమెంటంతా ఒలిచి మళ్లీ సున్నమే పూయాలి. గార నిదానంగా ఆరుతుంది, అద్దె మాత్రం ఆగదు.

అసలు చిక్కు వంటింటిది. తాలింపు పొగ ఎటు పోవాలి? ముందు గోడకు చిల్లు పెట్టొద్దన్నాను.

"వెనక సందులోకి వదుల్దాంలేరా," అన్నాడు.

సందులో పక్కింటావిడ వడియాలు ఆరబెట్టుకుంటోంది.