బుస్సుమనే ఉండలు!

ఇంగ్లాండు దక్షిణ తీరంలో డార్సెట్‌లో ఉందో రేవు పట్టణం... పూల్. దాని ఎదురుగా కనిపించే బ్రౌన్‌సీ దీవిలోనే 1907లో బేడెన్ పావెల్ స్కౌట్ల తొలి శిబిరం నడిపాడు. అది చరిత్ర పుస్తకాల గొప్ప. స్నానాలగదుల గొప్ప ఇంకోటుంది. నీళ్లలో వేస్తే బుసబుసా పొంగే 'బాత్ బాంబ్' పుట్టిల్లు ఈ ఊరే!

1989లో మో కాన్‌స్టంటైన్ అనే ఆవిడ తన తోటలోని షెడ్డులో దాన్ని తయారుచేశారు. ఆల్కా సెల్జర్ మాత్ర నీళ్లలో బుడగలు కక్కడం చూసి వచ్చిన ఆలోచనట. 1995లో ఆమె, భర్త మార్క్, మిత్రులు కలిసి 'లష్' తొలి దుకాణం తెరిచిందీ పూల్ హైస్ట్రీట్‌లోనే.

ఇంతా చేసి అందులో ముఖ్యమైనవి రెండే. వంటసోడా రెండు కప్పులైతే నిమ్మఉప్పు ఒక కప్పు. పొడిగా ఉన్నంతసేపూ రెండూ బుద్ధిగా ఉంటాయి. తడి తగిలిందా, కార్బన్ డయాక్సైడ్ పొంగుకొస్తుంది. తంటా అంతా అక్కడే. ఉండ కట్టాలంటే తడి కావాలి, ఎక్కువైతే గిన్నెలోనే పొంగిపోతుంది! అందుకే జల్లించిన పొడిలో రెండు చెంచాల కొబ్బరినూనె కలిపి, నీళ్లు తుంపర్లుగా చల్లుతూ గబగబా కలపాలి. సున్నుండల పిండిలా పిడికిట్లో నిలిస్తే చాలు. నూనె రాసిన ఇడ్లీ రేకులో గట్టిగా అదిమి, ఓ రోజు ఆరనివ్వాలి. వానాకాలంలో మాత్రం వద్దు. పూల్ అయినా విశాఖ అయినా ఆ తేమగాలికే ఉబ్బి పగులుతాయి.

తొట్టి లేదా? వేణ్నీళ్ల బేసిన్‌లో కాళ్లు పెట్టుకుని ఒకటి వదలండి. పుండ్లుంటే మాత్రం మంట పుడుతుంది, జాగ్రత్త!