గట్టు మీది గాలం

చెన్నై నుంచి తిరుపతికి పోయే పెద్ద రోడ్డు మీద, తిరువళ్లూరు దాటి తిరుత్తణి చేరేలోపు కనకమ్మ సత్రం వస్తుంది. 1960 వరకు తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడు ఏప్రిల్‌లో అది మద్రాసు రాష్ట్రంలో చేరింది. అందుకే ఇక్కడ ఒకే నీటిని ఒకరు చెరువు అంటారు, మరొకరు ఏరి అంటారు. చేపల సంగతీ అంతే. తెలుగువారి కొరమీను తమిళులకు విరాల్.

ఈ ప్రాంతపు చెరువులూ కుంటలూ వానను నమ్ముకొన్నవి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీచే ఈశాన్య రుతుపవనాలే వీటిని నింపాలి. కార్తీకంలో నీరు గట్టును తాకిందంటే ఇళ్ల చూరుల్లో దాచిన గాలపు కర్రలు బయటికి వస్తాయి. ఈ వేటకు పడవ అక్కరలేదు, వల అక్కరలేదు. సన్నని వెదురు కర్ర, నైలాన్ దారం, ముల్లు, దారం మునగడానికి చిన్న సీసపు గుండు, పైన తేలడానికి ఒక బెండు ఉంటే చాలు. గట్టు వారన తడిమట్టి తవ్వితే వానపాములు దొరుకుతాయి. ఇక కావలసింది ఓర్పు. అది మాత్రం తవ్వితే దొరికేది కాదు.

చెరువులోని చేపలను సాధారణంగా ఎవరో ఒకరు గుత్తకు తీసుకొని ఉంటారు. వల వేస్తే ఆయన ఊరుకోడు. ఒంటి గాలంతో కూర్చున్న పిల్లవాడిని మాత్రం చూసీ చూడనట్లు పోనిస్తాడు. ఆ పిల్లవాడికి ఎక్కువగా పడేది జిలేబి చేప. ఇది ఆఫ్రికా చేప, 1952లో మన దేశానికి తెచ్చారు. ఏ కుంటలో వేసినా పెరుగుతుంది, ఏ ఎరనైనా పడుతుంది. దానిని పట్టడంలో గొప్ప ఏమీ లేదు.

గొప్ప అంతా కొరమీనుది. పాము తలవంటి తల, నల్లని వీపు, పక్కల చారలు. మొప్పలకు పైన గాలి పీల్చుకొనే ప్రత్యేకమైన అర దీనికి ఉంది. కొద్ది నిమిషాలకొకసారి పైకి వచ్చి గాలి మింగి పోతుంది. పైకి రానీయకుండా అడ్డుకొంటే నీటిలోనే ఊపిరాడక చచ్చిపోతుంది! చేప నీటిలో మునిగి చావడం వింతే కదా. తడిగా ఉంచితే నీటి బయట చాలాసేపు బతుకుతుంది కనుక సంతలో దీనిని ప్రాణంతోనే అమ్ముతారు, ధర కూడా ఎక్కువే పలుకుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2016లో దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించింది.

వానలు పడగానే కొరమీనుల జంట నాచును తొలగించి నీటిలో కొంత చోటు శుభ్రం చేసుకొంటుంది. పసుపు పచ్చని గుడ్లు అక్కడ తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలు పుడతాయి. కొంచెం ఎదిగాక అవి ఎర్రగా, వందల కొద్దీ, ఒకే గుంపుగా కదులుతాయి. దూరం నుంచి చూస్తే నీటి మీద కుంకుమ చల్లినట్లుంటుంది. ఆ ఎరుపు కింద తల్లిదండ్రులు కాపలా తిరుగుతుంటాయి. జాలరికి ఆ ఎరుపే ఆనవాలు. గాలానికి చిన్న కప్పను కట్టి గుంపు మధ్య ఆడిస్తే పెద్ద చేప దాని మీదికి దూకుతుంది. ఆకలితో కాదు, పిల్లల దగ్గరికి ఏదో వచ్చిందని. అమెరికా కుంటల్లో గట్టు మీది నుంచి పట్టే బాస్ చేపదీ ఇదే గుణం. దానిలో మగది గూటికి కాపలా కాస్తుంది. అమెరికా, కెనడాలలో కొన్నిచోట్ల ఆ కాలంలో బాస్‌ను పట్టకుండా చట్టమే ఆపుతుంది. మన కుంటల దగ్గర ఆపవలసింది గట్టు మీద కూర్చున్న మనిషే.

ఒక సాయంత్రం సత్రం దగ్గరి కుంటలో తామరాకుల పక్కన చాటంత ఎరుపు కనిపించింది. గట్టు మీద ఒక తాత, పదేళ్ల మనుమడు ఉన్నారు. రోడ్డు పక్క హోటలాయన ప్రాణమున్న కొరమీనుకు మంచి ధర ఇస్తానని పిల్లవాడికి చెప్పి ఉన్నాడు. బడికి కొత్త సంచి కొనుక్కోవాలని వాడి ఆశ. వాడు గబగబా కప్పను ముల్లుకు కట్టబోయాడు.

"వద్దురా అబ్బీ, పిల్లలతో ఉంది" అన్నాడు తాత.

"మనం వదిలేస్తే రేపు ఇంకొకరు పట్టుకొనిపోతారు కదా, తాతా?"

తాత వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. ఆ ప్రశ్న తేలికైనది కాదు. పది మంది గాలాలు వేసే కుంటలో ఒకరు మానుకొన్నంత మాత్రాన చేప మిగలదు. కాపలా చేప పోతే ఆ వందల పిల్లలు నీటిపాములకూ, ఇతర చేపలకూ ఒక్క పూట తిండి.

"పట్టుకొని పోవచ్చు. నువ్వన్నది నిజమే. అయినా ఈ పూట మన గాలం అక్కడ వద్దు" అన్నాడు చివరికి.

పిల్లవాడు ముఖం ముడుచుకొని కప్పను నీటిలోకి విసిరేశాడు. వానపామును గుచ్చి అవతలి మూలకు పోయి కూర్చున్నాడు. చీకటి పడేసరికి వాడికి మూడు జిలేబిలు పడ్డాయి. వాటిని హోటలాయన కొనడు. మరునాడు బడి వదలగానే వాడు తిన్నగా కుంటకు పరుగెత్తాడు. తామరాకుల పక్కన ఎరుపు లేదు. గుంపు చోటు మారిందో, ఎవరైనా పట్టుకొన్నారో నీటిని చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఎండాకాలంలో కుంట మోకాటి లోతుకు దిగుతుంది. అప్పుడు గాలాలతో పని లేదు. జనం ఊతలు పట్టుకొని దిగుతారు. అడుగు లేని ఆ వెదురు బుట్టను బురదనీటిలో గుచ్చి, పైనుంచి చేయి పెట్టి తడుముతారు. జిలేబిలు మొదటి రోజే అయిపోతాయి. కొరమీను మాత్రం బురదలోకి దిగుతుంది. పైన మట్టి బీటలు వారినా అడుగున తడి ఉన్నన్నాళ్లు, వానల కోసం అక్కడే ఊపిరి పీలుస్తూ ఉంటుంది. ఆ బీటల మీద ఆ పిల్లవాడు తన తోటివాళ్లతో బంతాట ఆడుతుంటాడు.